ఫ్లాస్కు మీద చేసిన ప్రార్థన

ఆ నెలంతా నేను కనబడితే చాలు, ఎల్లారెడ్డిలో అందరూ అడిగింది ఒకటే మాట. "తమ్ముడు తిన్నడా?"

బస్టాండులో అడిగారు, కిరాణా దుకాణంలో అడిగారు, ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే అడిగారు. మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. నోట్లోంచి ఊపిరి గొట్టం వేశారు, ముక్కులోంచి కడుపులోకి ఇంకో సన్నని గొట్టం వేశారు, అందులోంచే జావ పోస్తారు అని. అంతా విని, అయ్యో అని తల ఊపి, "మరి తిన్నడా?" అని మళ్ళీ అడిగేవారు. వారం తిరిగేసరికి "తిన్నడు" అనేసి ముందుకు నడవడం నేర్చుకున్నాను. ఆదివారం బడిలో పిల్లలకు ఎప్పుడూ నిజమే చెప్పాలని నేర్పే దాన్ని, బజారులో రోజుకు పదిసార్లు అబద్ధమాడాను.

అది 2013 ఎండాకాలం. నా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం వాడిది. ఒక సోమవారం పొద్దున దుకాణం మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మడతపడ్డాయి. బుధవారానికి నీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాడు. శుక్రవారానికి కామారెడ్డి ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇది నరాల జబ్బు, ఒంట్లో రోగంతో పోరాడే శక్తే దారితప్పి నరాల మీద పడుతుంది, చాలామంది కోలుకుంటారు, కానీ వారాలు పడుతుంది అని డాక్టరు చెప్పాడు. తెలివి పూర్తిగా ఉంది. అన్నీ వింటాడు. కాళ్ళూ చేతులూ కదలవు. కళ్ళు మాత్రం కదులుతాయి. ఒకసారి మూసి తెరిస్తే అవునని, రెండుసార్లయితే కాదని సిస్టరమ్మ మాకు నేర్పింది.

మా అమ్మ వాడి మూడో ఏట ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. మమ్మల్ని పెంచింది పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే మళ్ళీ చేసుకోలేదు. బైబిలు మొత్తం చదువు రాకుండానే, వినీ వినీ నోటికి నేర్చుకుంది. పిల్లల్ని పెంచడంలో ఆమెకు మూడే పద్ధతులు. జ్వరమొస్తే రాగి జావ, అబద్ధమాడితే మోకాళ్ళ మీద ప్రార్థన, నెలకోసారి ముక్కు మూసి ఆముదం. ఆమె ఎదుట మా ఇద్దరికీ ఇంకా పదేళ్ళు దాటలేదు.

ఆ ఆసుపత్రిలో జావ మేమే వండి తేవాలి. వెనక సందులో ఒక గది తీసుకుని, పెద్దమ్మా నేనూ అక్కడే ఉన్నాం. రాగిపిండి, పాలు, చిటికెడు ఉప్పు. ఉండలు లేకుండా పలుచని బట్టలో వడగట్టి ఫ్లాస్కులో పోయాలి. సిస్టరమ్మ రెండు గంటలకోసారి పెద్ద సిరంజితో గొట్టంలోకి వదులుతుంది. మా ఇంట్లో ఆహారం మీద ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. వాడు నోటితో తినకపోయినా ఆ పద్ధతి తప్పకూడదనుకున్నాం. పూటపూటకూ గదిలో ఫ్లాస్కు మూత తీసి మధ్యలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నేను గట్టిగా ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థనలో ఒకసారి కళ్ళు మూస్తే నేను తొందరగా తెరవను. పెద్దమ్మ పక్కన నిలబడి "అవును తండ్రీ, అవును తండ్రీ" అంటుండేది.

పదో రోజు నుంచి చిక్కు మొదలైంది. జావ పోసే ముందు సిస్టరమ్మ ఖాళీ సిరంజితో వెనక్కి లాగి చూస్తుంది, ఇంతకుముందు పోసినదాంట్లో కడుపులో ఎంత మిగిలిందో తెలియడానికి. ఆ పొద్దున సిరంజి నిండా మేము పోసిన జావే తిరిగి వచ్చింది.

"ఏమ్మా, నిన్నటిది నిన్నట్లనే ఉన్నది. ఇప్పుడు పొయ్యొద్దు," అంది సిస్టరమ్మ.

ఫ్లాస్కు పట్టుకుని తిరిగి వచ్చాను. మధ్యాహ్నం మళ్ళీ అదే. కడుపు ఉబ్బి, వేలితో తడితే డప్పులా మోగింది. అప్పటికి ఆరు రోజులుగా విరేచనం లేదు. కాళ్ళూ చేతులకే కాదు, పేగులను కదిలించే నరాలకు కూడా ఈ జబ్బు తగులుతుంది, పైగా కదలకుండా పడుకోవడం, మత్తు మందులు, ఇవన్నీ కలిసి పేగులను నిద్రపుచ్చుతాయి అని డాక్టరు చెప్పాడు. "కడుపు ఉబ్బితే ఊపిరితిత్తులను కిందినుంచి నొక్కుతది. కడుపు సర్దుకోనిదే మిషను తియ్యలేను. ముందు విరేచనం కావాలె," అని ఒక సిరప్ రాశాడు. అది కూడా గొట్టంలోంచే, కొద్దికొద్దిగా పోసే జావతో పాటు.

అంటే మా తమ్ముడి ప్రాణం వాడి పేగుల కదలిక దగ్గర ఆగింది. ఇది సంఘానికి చెప్పాలి. పాస్టరయ్యకు ఫోను చేశాను.

"ప్రార్థన మనవి ఏందమ్మా?"

"విరేచనం కావాలె అయ్యగారూ."

"మైకుల ఎట్లనమ్మా అది?"

"ఉన్నదున్నట్టే చెప్పుండ్రి. దేవునికి తెల్వదా?"

ఆయనకు నోరు రాలేదట. సహోదరుని ఉదర సంబంధమైన అవసరత కొరకు అని ప్రకటించాడు. సంఘం ఏమనుకుందో ఏమో, వెంటనే మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. స్త్రీల కూటం పెద్దావిడ ఉత్సాహంగా ఫోను చేసి, ఇరవై మంది అన్నం మానేశామని చెప్పింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. వాడి కడుపు ఖాళీ కావాలని అడగండంటే, మీ కడుపులు ఖాళీ చేసుకుంటారేమిటి? పైకి మాత్రం వందనాలు చెప్పి పెట్టేశాను.

బుధవారం విరేచనం అయింది. సిస్టరమ్మ బయటికొచ్చి చెబితే, నేనూ పెద్దమ్మా ఆసుపత్రి వరండాలో చేతులెత్తి స్తోత్రం చెప్పాం. పక్క బెంచీ మీది రైతు ఒకాయన, ఎవరో పుట్టారనుకుని మాకు అరటిపండ్లు ఇచ్చాడు.

గురువారం నాలుగుసార్లు అయింది. శుక్రవారం ఏడుసార్లు, నీళ్ళలా. డాక్టరు సిరప్ ఆపించాడు. ఆగలేదు. విరేచనం పరీక్షకు పంపాడు. ఏమీ తేలలేదు. పాలు పడటం లేదేమో, జావలో పాలు మానండన్నాడు. మానేశాం. ఆగలేదు. ఒక రోజంతా జావే ఆపి చూశాడు. ఆగింది. మళ్ళీ జావ మొదలుపెట్టాం. మళ్ళీ మొదలైంది.

డాక్టరు మా ఇద్దరినీ పిలిపించాడు. "జావల ఇంకేమన్న కలుపుతున్నరా?"

"ఏం కలుపుత సారూ? రాగి పిండి, నీళ్ళు, ఇంత ఉప్పు. అంతే," అంది పెద్దమ్మ. నేను ఆ మాటకు తల ఊపాను. వండుతుంటే పక్కనే ఉన్నదాన్ని కదా.

సిస్టరమ్మకు ఇంకో అనుమానం. "ఈ పైపు ఎందుకింత జిడ్డు పడుతుందమ్మా? నీళ్ళు పోసినా పోతలేదు."

"రాగి జావ గదా సిస్టర్, అంటుకుంటది," అన్నాను. అంత తెలిసినట్టు ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. జావ జిగటగా ఉంటుంది కానీ జిడ్డుగా ఉండదని వంటింట్లో తిరిగే ఏ ఆడదానికైనా తెలుసు.

ఆ రోజుల్లో నాకు ఊరటనిచ్చింది ఒకటే. నేను ఫ్లాస్కుతో మంచం దగ్గరికి వెళ్ళగానే తమ్ముడు ఫ్లాస్కు వైపు చూసి, కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. "ప్రార్థన జేస్తున్నవారా?" అని అడిగేదాన్ని. కళ్ళు తెరిచి, మళ్ళీ గట్టిగా రెండుసార్లు మూసేవాడు. రెండుసార్లంటే కాదని. కానీ నా కంటికి అది ప్రార్థనలో మునిగిన మనిషి తడబాటులా కనిపించింది. స్త్రీల కూటానికి ఫోనులో చెప్పాను కూడా. "ఫ్లాస్కు చూడంగనే కండ్లు మూసుకుంటున్నడు. మనతోని ఏకీభవిస్తున్నడు." అవతల హల్లెలూయా అన్నారు.

ఆ పైవారం శనివారం మిషను బలం తగ్గించి చూశారు. నాలుగు నిమిషాలకే తమ్ముడి నుదురంతా చెమట పట్టింది. ఆపేశారు. విరేచనాలతో ఒంట్లోని లవణాలు పోతున్నాయి, ఊపిరి తీసే కండరాలకు సత్తువ రావడం లేదు, పేగు లోపలి పొరే పాడైందేమో, ఇక్కడ నా చేతిలో లేదు, రేపు నాలుగు గంటలకు అంబులెన్సులో హైదరాబాదు పంపుతాను అన్నాడు డాక్టరు. దారిలో ఏమీ కాదా సారూ అని అడిగితే, "ఏం కాదని నేను చెప్పలేనమ్మా," అన్నాడు.

జావ మళ్ళీ ఆపేశారు. వండే పని లేదు. పెద్దమ్మ పట్టుపట్టింది, రేపు ఆరాధనకు పోయి, సంఘం ప్రార్థన తీసుకుని, రెండు గంటలకల్లా తిరిగి వద్దామని. మా ఆయన్ను ఆసుపత్రిలో కూర్చోబెట్టి పొద్దున మొదటి బస్సుకు ఎల్లారెడ్డి వెళ్ళాం.

పాటలయ్యాక పాస్టరయ్య, సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఉన్నారా అని అడిగాడు. నేను ముందు వరసలో చాప మీద, ఆదివారం బడి పిల్లల మధ్య కూర్చుని, అంబులెన్సు గురించి ఆలోచిస్తున్నాను. పెద్దమ్మ లేచి మైకు అందుకుంది.

"అందరికీ వందనాలు. నా కొడుకు కడుపు రాయి లెక్క బిగిసిపాయె. డాక్టర్లు మందు పోసిండ్రు. ఏం గాలే. గప్పుడు నేను విశ్వాసం తోటి అయ్యగారు ప్రార్థన జేసిచ్చిన ఆముదం జావల ఒక చెంచ పోసిన. మూడు పూటలు పోసిన. తెల్లారేవరకు కడుపు విడిచింది! అప్పటిసంది ఒక్క పూట గూడ ఇడువలే. పోస్తనే ఉన్న!"

సంఘమంతా చప్పట్లు కొట్టింది. నా పక్కనున్న పిల్లలు కూడా కొట్టారు. పాస్టరయ్య ఒక్కడే కొట్టలేదు. ఆయన చేతిలో ఇంకో మైకు ఉందన్న సంగతి మరిచిపోయి, "కాళ్ళకు రాయనీకె అంటివి గదమ్మా!" అన్నాడు. ఆ మాట కప్పు మీది స్పీకరులోంచి రోడ్డు దాకా వినబడింది.

నేను చెప్పులు లేకుండానే లేచి పోయి పెద్దమ్మ చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"ఏందే, సాక్ష్యం నడుమ గుంజుకొస్తవు? స్తుతి పాట గూడ పాడలే!"

"సీసా ఏది?"

"సంచిల ఉన్నది. ఎందుకు?"

మా ఆయనకు ఫోను చేసి విషయం చెప్పాను. ఆయన సిస్టరమ్మతో చెప్పి, మళ్ళీ ఫోను చేశాడు. "డాక్టరు ఒంటిగంటకు వస్తడట. ఎంత పోసిండ్రో, ఎప్పటిసంది పోసిండ్రో, పోసినామెనే తోలుకొచ్చి చెప్పమంటున్నరు. సీసా గూడ తెమ్మన్నరు. నేనైతే ఆ మాట ఆయన ముంగట అననే అనను."

బస్సు వెళ్ళిపోయింది. ఆటోలో లింగంపేట దాకా వెళ్ళి, అక్కడ బస్సు పట్టుకున్నాం. నా కోపం బస్సుకంటే ముందు పరుగెడుతోంది.

"డాక్టరు అడిగిండా లేదా, ఇంకేమన్న కలుపుతున్నరా అని?"

"అడిగిండు."

"ఏం లేదంటివి. అబద్ధం గాదా అది? మమ్ములనైతే మోకాళ్ళ మీద నిలవెడుతుంటివి గదా?"

పెద్దమ్మకు నిజంగానే రోషం వచ్చింది. "నేనెందుకాడుత అబద్ధం? ఉప్పు కలుపుతరు, చక్కెర కలుపుతరు. ప్రార్థన నూనెను కలుపుడంటరా? అది తిండా? అది ప్రార్థన. నువ్వు జావ మీద ప్రార్థన జేస్తవు, అది డాక్టరుకు చెప్పినవా?"

ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. నేను గొంతు తగ్గించాను.

"ఎప్పుడు పోసినవు? నేను నీ పక్కనే ఉంటి గదా, ప్రతి పూట."

"నీ ముంగటనే పోసిన. నీ సాటుకు పోసిన్నా? నువ్వు ప్రార్థన జేస్తుంటివి. నువ్వు ఆమేన్ అన్నంకనే మూత పెట్టిన."

పెద్దమ్మ మీద ఉన్న కోపంలో సగం నా మీదికే తిరిగింది. మిగతా సగం ఎటు పోవాలో తెలియక, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, పైకి పోయింది. ఇంతమందిమి ఇంత అడుగుతుంటే, ఆ ఒక్క క్షణం నా కళ్ళు తెరిపించి ఉంటే ఏమయ్యేది తండ్రీ, అనుకున్నాను. అడగగానే భయమేసింది. కళ్ళు మూసుకోమని ఆయన నాకు ఎప్పుడు చెప్పాడని?

డాక్టరు సీసా మూత తీసి వాసన చూశాడు. గానుగ ఆముదం, చిక్కగా, పసుపుగా ఉంది.

"ఎంత పోస్తున్నవమ్మా?"

"ఒక్క చెంచనే సారూ."

"ఏ చెంచ?"

పెద్దమ్మ సంచిలోంచి చెంచా తీసింది. పప్పు వడ్డించే చెంచా. సిస్టరమ్మ గోడవైపు తిరిగింది, నవ్వుతోందో ఏమో తెలియలేదు.

"మూడు పూటలు? ఇన్ని రోజులు?" డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "పరీక్షలు జేయిస్తిని. పాలు మాన్పిస్తిని. పేగు చెడిందనుకుంటి. రాత్రి పుస్తకాలు దీసి చదివిన తల్లీ, ఏం రోగమిది అని!"

"గింత దానికి పుస్తకాలెందుకు సారూ, నన్నడిగితే చెప్తుంటి."

"అడిగిన గదా!"

"కలుపుతున్నవా అని అడిగిండ్రు."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. తర్వాత ఫోను తీసి అంబులెన్సు వద్దని చెప్పాడు. రెండు రోజులు చూస్తానన్నాడు. మా ఫ్లాస్కు లోపలికి రాకూడదు. ఆసుపత్రి డబ్బాలోని పొడి కలిపి, సిరంజితో ఒక్కసారిగా కాకుండా, సెలైన్‌లా చుక్కచుక్కగా వదులుతారు. లవణాలు రక్తంలోకి ఎక్కిస్తారు. పెద్దమ్మ మంచం దగ్గరికి వెళ్ళే ముందు సంచి చూపించి వెళ్ళాలి.

ఆ రెండు రోజులు గదిలో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆమె బైబిలు ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని కూర్చునేది. వండడానికి ఏమీ లేక, ఖాళీ ఫ్లాస్కును కడిగిందే మళ్ళీ కడిగేది. ఒకసారి మెల్లగా, "నేనే సంపుదును గదనే వాన్ని," అంది. నా కోపం అక్కడ తెగిపోవలసింది. కానీ తెగలేదు. "ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మంగళవారానికి విరేచనాలు ఆగాయి. సిరంజి వెనక్కి లాగితే దాదాపు ఏమీ రాలేదు. పైపు జిడ్డు వదిలింది. శుక్రవారం మిషను తగ్గిస్తే గంటసేపు తన ఊపిరి తనే తీశాడు. ఇంకో వారానికి పగలంతా తీశాడు. గొంతుకు రంధ్రం చేశారు, దాంట్లోంచి గొట్టం పెట్టారు, చివరికి అదీ తీశారు. మధ్యలో ఒకసారి జ్వరం వచ్చి మమ్మల్ని మళ్ళీ వణికించింది. తొలకరి పడేవేళకు వాడిని కుర్చీలో కూర్చోబెట్టి ఎల్లారెడ్డి తెచ్చుకున్నాం. ఆదివారం సంఘం ఇంటికొచ్చింది. పెద్దమ్మ మళ్ళీ సాక్ష్యం చెప్పింది. మానుతుందనుకున్నానా!

"ఆ దినం నేను లేచి సాక్ష్యం చెప్పకుంటే వీళ్ళకు తెలుస్తుండెనా? హైదరాబాదు తోల్కపోదురు. దేవుడే నన్ను లేపి నిలవెట్టిండు!"

ఈ మాటే నాకు ఎక్కడలేని విసుగు తెప్పిస్తుంది. ఆమె పోసింది నిజం. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదన్నదీ నిజమే. ఎన్నిసార్లు మోకరించి ఆలోచించినా ఈ రెండూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మ గ్లాసులో జావ తెచ్చింది. వాడు నోటితో తాగబోయే మొదటి రాగి జావ. నేను ప్రార్థనకు సిద్ధపడ్డాను. తమ్ముడు గ్లాసు వైపు చూసి, ఆసుపత్రిలో లాగే, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"చూసినవా, ఇంక మరువలే. ప్రార్థనల ఏకీభవిస్తున్నడు," అంది పెద్దమ్మ మురిసిపోతూ.

వాడు కళ్ళు తెరిచాడు. గొంతు ఇంకా బొంగురుగా, గాలి ఎక్కువ మాట తక్కువగా వస్తోంది.

"ప్రార్థన గాదక్కా. గప్పుడు గూడ ప్రార్థన గాదు. వద్దన్న. తేన్పొస్తే గొంతులకు ఆముదం వస్తుండె. చిన్నప్పటి ఆముదమే. రెండుసార్లు కండ్లు మూసిన, రోజూ మూసిన. నువ్వు 'ప్రార్థన జేస్తున్నవారా' అంటివి గాని, ఏమన్న కావాల్నా వద్దా అని ఒక్కసారి గూడ అడగకపోతివి."

పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఇద్దరం సిగ్గుపడ్డామో, నవ్వు ఆపుకున్నామో నాకు గుర్తు లేదు. వాడు నెమ్మదిగా గ్లాసును నా వైపు జరిపాడు.

"ముందుగాల నువ్వు వాసన చూడు. చూసినంక ప్రార్థన చెయ్యి. కండ్లు తెరుసుకొని చెయ్యి."

గ్లాసు ఎత్తి వాసన చూశాను. రాగి, ఉప్పు, కొంచెం మజ్జిగ. అంతే. పెద్దమ్మ రెండు చేతులూ గాలిలో పైకెత్తి చూపించింది, ఏమీ లేవని. నేను కళ్ళు తెరిచే ప్రార్థన చేశాను, ఆ రెండు చేతులనే చూస్తూ. ఆమేన్ అన్నాక, వాడు తాగాడు.